పాలలాంటి నీరంతా చీము కాదు

మందకాపలా కుక్క రొప్పుతుంటే "నెమ్ము చేసిందిలే" అని సూదుల మీద సూదులు పొడిపించడం మన పల్లెల్లో మామూలే. అది తప్పు. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిందేమో ముందు చూడాలి. డాక్టరు సూదితో లాగితే పాలలా వచ్చిందా? చీమేనని తేల్చేయొద్దు. తిండిలోని కొవ్వును రక్తంలో కలిపే నాళం కారినా అలాగే వస్తుంది. ల్యాబులో గిర్రున తిప్పితే చీము అడుక్కి దిగి పైన తేరుతుంది, ఇది తేరదు. ట్రైగ్లిజరైడ్లు అదేరోజు తీసిన రక్తంలో కంటే ఈ నీటిలో ఎక్కువుంటే రోగం ఖాయం. మనుషుల ల్యాబులోనూ ఈ పరీక్ష చేస్తారు. తిండి మానేసిన జీవానికి నీరు తెల్లగా రాకపోవచ్చు, అదో తిరకాసు. గొడ్లలో ఇది అరుదు. కుక్కలు, పిల్లుల్లోనే ఎక్కువ. కుక్కే కదా అంటారా? రాత్రంతా మందను కాసేది అదే. నీరు తీసి పరీక్షకు పంపమని పశువుల ఆసుపత్రిలో గట్టిగా అడగండి. ఆయాసం తగ్గాలన్నా ఆ నీరు తీయాల్సిందే.