గజ్జూ పొట్టలో పసుపు పొడి

పాత బొమ్మకి కుట్లేయడం మీద ఒక కాలమా అనుకోకండి. మీ ఇంట్లోనూ అటక మీదో, బీరువా అడుగునో ఒక కన్ను ఊడిన ఎలుగుబంటో, చెవి వేలాడే కుక్కపిల్లో ఉండే ఉంటుంది. పారేయడానికి చేతులు రావు. బయట పెడితే వచ్చినవాళ్లు నవ్వుతారు. "కొత్తది పది నిమిషాల్లో ఇంటికొచ్చేస్తుంది కదా" అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మా ఇంట్లో ఆ పోస్టు నాన్నది.

మాది ఏనుగు. పేరు గజ్జూ. అక్క చిన్నప్పుడు నాంపల్లి ఎగ్జిబిషన్‌లో కొన్నారు. తర్వాత నాకొచ్చింది, ఇప్పుడు అక్క కూతురిది. ఆ నాలుగేళ్ల పిల్ల దాని ఎడమ చెవి కొసని రెండు వేళ్ల మధ్య రుద్దుకుంటూ తప్ప నిద్రపోదు. పోయిన నెల అక్క రెండో కాన్పుకి ఆసుపత్రిలో చేరింది, పిల్ల మా దగ్గరికొచ్చింది. రెండో రోజే గజ్జూ పొట్ట కుట్టు విడిపోయి పసుపు పొడి రాలడం మొదలైంది. అమ్మ పక్కన లేని పిల్లకి రాత్రిపూట ఉన్న ఒకే ఒక్క తోడు అది.

ముందు ఆ పొడి సంగతి. అది స్పాంజి. చవక బొమ్మల్లో పాలీయురేథేన్ ఫోమ్ ముక్కలు కూరేవాళ్లు. గాలి, తేమ తగిలి ఏళ్లు గడిచేకొద్దీ ఫోమ్ పెళుసెక్కి పొడైపోతుంది. పాత స్కూటర్ సీటు చిరిగితే లోపల చూసినవాళ్లకి ఇది తెలుసు. దాన్ని బాల్కనీలో, మూతికి మాస్క్ కట్టుకుని, కవర్లోకి మొత్తం దులిపేయాలి. కొంచెం ఉంచి పైన కొత్తది కూరుదాం అనుకోవద్దు, మిగిలింది కూడా రేపో మాపో పొడే.

లోపల ఏం పెట్టాలన్నది ఇంట్లో పెద్ద చర్చ. అమ్మ బూరుగు దూది అంది. దిండుకైతే దాన్ని మించింది లేదు, ఒప్పుకుంటాను. కానీ దూది తడిస్తే ఉండలు కడుతుంది, ఆరడానికి రోజులు పడుతుంది. పిల్ల చేతిలో బొమ్మ తడవకుండా ఉంటుందా? అందుకే పరుపుల షాపులో రెక్రాన్ అడిగి తెచ్చాను. చిన్న చిన్న పింజలుగా విడదీసి, ముందు కాళ్ల చివర్లు, తొండం, ఆఖర్న పొట్ట నింపాలి. పిడికెడు ముద్ద ఒకేసారి తోస్తే ఏనుగు బంగాళదుంపల బస్తాలా తయారవుతుంది.

ఉతకడం దగ్గర ఆగాను. డొనాల్డ్ విన్నికాట్ అని బ్రిటన్‌లో పిల్లల డాక్టరు, మానసిక విశ్లేషకుడు ఉండేవాడు. పసివాళ్లు వదలని ఇలాంటి బొమ్మలు, దుప్పటి ముక్కల గురించే 1951లో ఒక పత్రం చదివాడు. బొమ్మ మాసి, వాసనొస్తున్నా తల్లి దాన్ని అలాగే ఉండనిస్తుందట. ఉతికితే పిల్ల అనుభవంలో ఏదో తెగిపోతుందని ఆమెకి తెలుసంటాడు. మరి పొడి నిండిన బట్టని ఉతక్కుండా ఎలా ఇవ్వను? మధ్యేమార్గంగా ఒళ్లు మాత్రం గోరువెచ్చని షాంపూ నీళ్లలో ముంచి, తల బయటే ఉంచాను. పిండకుండా టవల్లో చుట్టి నొక్కి, నీడన ఆరేశాను. ఎడమ చెవికి చుక్క నీరు తగల్లేదు.

మా వీధి టైలరన్న చూడగానే "ఇది మిషన్ ఎక్కదమ్మా" అన్నాడు. నిజమే, కూరిన గుండ్రటి ఒంటిని మిషన్ కింద పెట్టలేం. చేతికుట్టే గతి. చిరుగు పక్కన బట్ట పలచబడితే అక్కడే కుట్టకూడదు, దారం బట్టని కోసుకుంటూ పోతుంది. లోపలివైపు నాన్న పాత పంచె ముక్క అస్తరు వేసి, గట్టిగా ఉన్నచోట సూది దింపాను. ఆఖరి నోరు మూయడానికి నిచ్చెన కుట్టు. ఇటు అంచు మడత లోపల ఒక చిన్న కుట్టు, అటు అంచు మడతలో ఒకటి, అలా నాలుగైదు వేశాక దారం లాగితే రెండు అంచులూ దగ్గరికొచ్చి కుట్టు మాయమవుతుంది. యూట్యూబ్‌లో వంద వీడియోలున్నాయి, నాకు మూడోసారికి కుదిరింది.

తొండం మొదట్లో అమ్మమ్మ ఎప్పుడో నల్లదారంతో వేసిన వంకర కుట్లున్నాయి. బూడిదరంగు ఏనుగుకి నల్లదారం! పనిలో పనిగా అవి కూడా విప్పి నీట్‌గా కుట్టేయమంది అమ్మ. కుట్టలేదు. ఆఫీసులో పదేళ్ల నాటి కోడ్ చేతికొస్తే మేం పాటించే రూలే ఇక్కడా: పనిచేస్తున్న దాని జోలికి వెళ్లొద్దు. ఆ కుట్లు ఇరవై ఏళ్లుగా పట్టే ఉన్నాయి. అమ్మమ్మే లేదు.

విన్నీ ద పూ కథలకి మూలమైన అసలు బొమ్మలు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉన్నాయి. ఆ ఎలుగుబంటిని 1921లో లండన్ హారోడ్స్‌లో ఒక పసివాడి మొదటి పుట్టినరోజుకి కొన్నారు. మరమ్మతులు చేయించి 2016లో మళ్లీ అద్దాల వెనక పెట్టారు. అలాంటి పని చేసే నిపుణులు వేసే కుట్టు రేపు ఇంకొకరు విప్పుకోగలిగేలా ఉండాలంటారు. మన ఇళ్లలో అంత అవసరం లేదు గానీ, జిగురు మాత్రం వాడకండి. ఫెవిక్విక్ పడినచోట బట్ట బిరుసెక్కి సూది దిగదు.

రాత్రి పదకొండు దాటాక పిల్ల చేతికిచ్చాను. ముందు పొట్ట నొక్కింది. "లావయ్యాడు పిన్నీ" అంది అనుమానంగా. తర్వాత చెవి కొస దొరికింది. ఇక మాట్లాడలేదు.

ఒక పని మిగిలింది. గజ్జూ కళ్లు ప్లాస్టిక్‌వి, ఒకటి వదులైంది. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఊడే కన్ను, గుండీ ఉండకూడదు, నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడుతుంది. తమ్ముడు పాకడం మొదలుపెట్టేలోగా రెండూ తీసేసి నల్లదారంతో కళ్లు కుట్టాలి. మేనకోడల్ని పర్మిషన్ అడిగాను. "నొప్పెడుతుంది, వద్దు" అంది. ఇంకా చర్చలు నడుస్తున్నాయి.