ఓర్చుకోమనడం వైద్యం కాదు

"ఆపరేషన్ అన్నాక ఆ మాత్రం నొప్పి ఉండదా? ఓర్చుకో తల్లీ!" మన ప్రసూతి వార్డులలో మందు బిళ్లల కంటే ధారాళంగా దొరికేది ఈ మాట. నాగారం నుండి ఈసీఐఎల్ చౌరస్తా వరకు ఉన్న నర్సింగ్‌హోముల బోర్డులను చదువుతూ వెళ్లండి. కాన్పుల మాట ఉంటుంది, ఆపరేషన్ల మాట ఉంటుంది. బాలింత నొప్పి మాట ఎక్కడ ఉంది?

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రతి 100 కాన్పులలో దాదాపు 61 సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రులలో 81కి పైగా. దేశ సగటు 21.5 మాత్రమే. ఇన్ని కోతలు అవసరమా అన్నది వేరొక వ్యాసానికి తగిన విషయం. కోయడంలో దేశానికే అగ్రస్థానంలో నిలిచిన రాష్ట్రం, కోసిన తరువాతి బాధను తగ్గించడంలో ఎందుకు వెనుకబడాలి?

నొప్పి తీవ్రంగా ఉన్న తల్లి మంచం దిగదు. దిగకపోతే కాళ్ల సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. కుట్లు లాగుతాయని గట్టిగా దగ్గదు, నిండుగా ఊపిరి తీయదు. బిడ్డను రొమ్ముకు ఎత్తుకోలేదు; ముర్రుపాలు పట్టవలసిన గంటలు గడిచిపోతాయి. ఆ తరువాత "పాలు పడలేదు" అని నిందించేదీ ఆమెనే.

మార్గం లేక కాదు. వెన్నులో మత్తు ఇచ్చేటప్పుడే, అదే సూదితో, సుమారు 100 మైక్రోగ్రాముల మార్ఫిన్ కలపవచ్చు. అంటే మిల్లీగ్రాములో పదో వంతు! ఉపశమనం సాధారణంగా 12 నుండి 24 గంటల వరకు ఉంటుంది. పాలలోకి చేరేది లెక్కలోకి రానంత స్వల్పం. అయినా మార్ఫిన్ పేరు వినగానే యాజమాన్యాలు బెదురుతాయి. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం నేర్పిన భయమది. ఆ చట్టాన్ని 2014లో సవరించి, మార్ఫిన్, ఫెంటనిల్ వంటి ఆవశ్యక ఔషధాలకు అనుమతులను సులభతరం చేశారు. చట్టం మారినా భయం మారలేదు. నీమచ్, ఘాజీపూర్‌లలో నల్లమందును శుద్ధి చేసే ప్రభుత్వ కర్మాగారాలున్న దేశంలో ఈ దుస్థితి!

వ్యసనమవుతుందని మరికొందరంటారు. అమెరికాలో సిజేరియన్ అయిన 80,000 మందిని పరిశీలిస్తే, ఓపియాయిడ్లను దీర్ఘకాలం వాడుతూ ఉండిపోయినవారు దాదాపు 300 మందిలో ఒకరు. అది బిళ్లలు చేతికిచ్చి ఇంటికి పంపే దేశంలోని లెక్క. వెన్నులో వేసే ఒక్క మోతాదును దానితో పోల్చడం అన్యాయం.

ఒక అభ్యంతరం మాత్రం న్యాయమైనదే. మార్ఫిన్ వల్ల దురద, వాంతులు రావచ్చు. అరుదుగా ఊపిరి మందగించవచ్చు. కాబట్టి ఆ రాత్రంతా నర్సు ఆమె శ్వాసను లెక్కించాలి. అందుకు మనుషులు లేని ఆసుపత్రి మార్ఫిన్ జోలికి పోరాదు. అంతమాత్రాన చేతులు ముడుచుకోనవసరం లేదు. పొట్ట గోడలోని నరాలకు తిమ్మిరి మందు ఇవ్వవచ్చు. పారాసిటమాల్‌ను, దానితోపాటు ఐబుప్రొఫెన్ లేదా డైక్లోఫెనాక్‌ను, అడిగినప్పుడు కాక గడియారం చూసి ఇస్తే చాలామందికి నొప్పి అదుపులో ఉంటుంది. మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు, ఉబ్బసం, అధిక రక్తస్రావం ఉన్నవారి విషయంలో ఆ రెండో రకం మందుకు వైద్యుని నిర్ణయం తప్పనిసరి.

విడ్డూరమేమంటే, మార్ఫిన్‌కు జంకే చేతులే ట్రమడాల్‌ను అలవోకగా రాసేస్తాయి. కొందరి కాలేయం దానిని మితిమీరిన వేగంతో శక్తిమంతమైన రూపంలోకి మారుస్తుంది. అది పాల ద్వారా బిడ్డకు చేరవచ్చు. పాలిచ్చే తల్లులకు కొడీన్, ట్రమడాల్ తగవని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది. ఇంటికి వెళ్లేటప్పుడు ఇచ్చిన చీటీలో ఆ పేరుంటే, ప్రత్యామ్నాయం అడగండి. వాడుతుండగా బిడ్డ మరీ మత్తుగా ఉన్నా, పాలు తాగకపోయినా, ఊపిరి ఆడక ఇబ్బందిపడినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

గది అద్దె గురించి గంటసేపు బేరమాడే కుటుంబాలు ఆపరేషన్‌కు ముందే మత్తు డాక్టరును ఈ సంగతీ అడగాలి: మొదటి రెండు రోజులు నొప్పికి ఏమిస్తారు, ఏయే వేళల్లో ఇస్తారు, రాత్రి ఎవరు చూస్తారు? "అవసరమైతే సూది వేస్తాం" అన్న జవాబుతో లేచి రావద్దు. వేళలను కేసు షీటులో రాయమనండి.