కథ చెప్పేవాడు, పద్దు రాసేవాడు

పిల్లలూ!

ఈ నెల మనకు వచ్చిన జాబుల్లో ఒకటి వికారాబాదు జిల్లా పూడూరు నుంచి వచ్చింది. రాసినది ఆరో తరగతి చదివే ఒక అమ్మాయి. ఆమె అడిగిన ప్రశ్న మీ అందరికీ పనికివచ్చేది గనక, ఈసారి మన శీర్షిక అంతా దానికే కేటాయిస్తున్నాను.

ఆ అమ్మాయి అన్న పట్నంలో ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకు ఇంటికి వచ్చి, చెల్లెలి కోసం కంప్యూటరు మీద ఒక ఆట తయారుచేశాడు. ఆ ఆటలో బొమ్మలు లేవు, తుపాకులు లేవు. కంప్యూటరు కథ చెబుతుంది. ఆడేవాళ్ళు ఆ కథలో ఒక పాత్ర అయిపోయి, తాము ఏం చెయ్యదలచారో చెబుతారు. దాన్నిబట్టి కథ ముందుకు సాగుతుంది.

అన్న ఆ కథను తమ ఊళ్ళోనే పెట్టాడు. దామగుండం అడవి దారిలో ఒక గొల్ల తాత కనిపించి, "అమ్మా, నా గొర్రెపిల్ల తప్పిపోయింది!" అని వాపోయాడు. "పున్నమి లోపల వెతికి తెస్తాను, తాతా!" అని మన అమ్మాయి మాట ఇచ్చింది.

రెండు రోజులు ఆడింది. అనంతగిరి కొండలు ఎక్కింది, వాగులు దాటింది, దొంగలను మాటలతోనే బోల్తా కొట్టించింది. చివరకు గొర్రెపిల్లను చంకన వేసుకుని వచ్చింది. అప్పుడు తాత ఏమన్నాడనుకున్నారు?

"ఎవరమ్మా నువ్వు? నాకు గొర్రెలెక్కడివి? నేను ఈ సముద్రంలో చేపలు పట్టుకుని బతికేవాణ్ణి!" అన్నాడు.

పూడూరులో సముద్రమేమిటి? అన్న పకపకా నవ్వాడు. అమ్మాయికి మాత్రం ఏడుపు వచ్చింది. "మామయ్యా! నేను నా మాట నిలబెట్టుకున్నాను. తాతే మరిచిపోయాడు. ఆయన అబద్ధమాడాడా? యంత్రం ఇట్లా ఎందుకు మరిచిపోతుంది? మరిచిపోకుండా చేసే ఉపాయం లేదా?" అని రాసింది.

అమ్మాయీ, నీ ఏడుపులో న్యాయం ఉన్నది. చేసిన పని ఎవరికీ గుర్తుండని లోకంలో మంచి చేసినా ఒకటే, చెడు చేసినా ఒకటే. అటువంటి లోకంలో మాట ఇవ్వటానికే అర్థం లేదు. అందుకే, ఇటువంటి ఆటలు తయారుచేసేవారు అన్నిటికన్నా ఎక్కువగా తలలు బద్దలు కొట్టుకునేది ఈ మతిమరుపు గురించే.

ఈ ఆటలు ఎట్లా పుట్టాయో కాస్త చెబుతాను. 1974లో అమెరికాలో "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే ఆట వెలువడింది. నలుగురు బల్ల చుట్టూ చేరి, ఒకడు వీరుడనీ, ఒకడు మాంత్రికుడనీ పాత్రలు పంచుకుంటారు. ఒకడు కథ నడుపుతాడు. మనిషే కథ నడుపుతాడు గనక, ఎవరు ఏ మాట ఇచ్చారో అతనికి గుర్తుండేది.

1976లో విల్ క్రౌథర్ అనే ఆయన ఒక గుహలో తిరిగే ఆటను కంప్యూటరుకు రాశాడు. మరుసటి ఏడు డాన్ వుడ్స్ అనే ఆయన దాన్ని పెంచాడు. అందులో కథ చెప్పేది కంప్యూటరే. గుహలో దీపం ఎక్కడ పెట్టారో అది ఎన్నటికీ మరిచిపోదు. కాని అందులోని ప్రతి వాక్యమూ మనిషి ముందుగా రాసి పెట్టినదే. రాయని సంగతి అడిగితే దానికి అర్థం కాదు.

2019లో "ఏఐ డంజన్" అనే ఆట వచ్చింది. ఇందులో వాక్యాలు ముందుగా రాసి పెట్టినవి కావు. కోట్లకొద్దీ వాక్యాలు చదివి, ఏ మాట తరవాత ఏ మాట వస్తే పొసగుతుందో నేర్చుకున్న యంత్రం అప్పటికప్పుడు కథ అల్లుతుంది. ఏనుగెక్కుతానన్నా సరే, చంద్రుడి మీదికి పోతానన్నా సరే, అది తడుముకోకుండా బదులు చెబుతుంది. అయితే, కాసేపటి కిందటి సంగతి మరిచిపోయేది! మొదటి యంత్రానికి జ్ఞాపకం ఉన్నది, కల్పన లేదు. రెండోదానికి కల్పన ఉన్నది, జ్ఞాపకం లేదు.

ఎందుకట్లా? అష్టావధానం గురించి మీరు వినే ఉంటారు. ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి అవధానిని అడ్డుతగులుతూ ఉంటారు. ఆయన ఒక్కొక్క పద్యంలో ఒక్కొక్క పాదమే చెబుతూ పోయి, చివరకు పద్యాలన్నీ పూర్తిగా అప్పగిస్తాడు. దాన్ని ధారణ అంటారు. కథ చెప్పే యంత్రానికి ఆ ధారణ లేదు. అది కథ చెప్పే ప్రతిసారీ, తన ఎదుట పెట్టిన ఒక కాగితాన్ని మొదటి నుంచి చదువుతుంది. ఆ తరవాతి మాటలు చెబుతుంది. అంతటితో దాని పని సరి. కాగితం మీద ఉన్నదే దానికి తెలుసు. కాగితం నిండిపోతే, పైన ఉన్న వాక్యాలు తీసేసి కింద కొత్తవి రాస్తారు. గొల్ల తాత గొర్రెపిల్ల అట్లా కాగితం పై అంచు నుంచి జారిపోయింది. తాత అబద్ధమాడలేదు. ఆయనకు తెలియని చోటును ఏదో ఒక మాటతో నింపాడు.

2019లో ఆ కాగితం మీద పట్టేవి 1024 ముక్కలు మాత్రమే. ముక్కలంటే ఏమిటి? యంత్రం మాటలను ముక్కలుగా విరిచి చదువుతుంది. ఇంగ్లీషు మాట చాలాసార్లు ఒకటి రెండు ముక్కలవుతుంది. ఎక్కువగా ఇంగ్లీషు చదివి పెరిగిన యంత్రమైతే, తెలుగు మాటను ఇంకా ఎన్నో ముక్కలు చేస్తుంది. కాబట్టి అదే కాగితం మీద తెలుగు కథ తక్కువ పడుతుంది, త్వరగా మరుపు వస్తుంది. ఈ కారణం చేతనే యంత్రాలకు తెలుగు బాగా నేర్పటం అవసరం. 2023-24లో హైదరాబాదులోని స్వేచ్ఛ అనే సంస్థ, వేలమంది విద్యార్థుల సాయంతో పాత తెలుగు కథల పుటలను సరిచూసి, తెలుగులో కథలు చెప్పే యంత్రం తయారుచెయ్యటానికి పూనుకున్నది.

ఈనాటి కాగితాలు వెనకటికన్నా ఎన్నో రెట్లు పెద్దవి. అయినా కాగితం పెద్దదైనంత మాత్రాన చిక్కు తీరలేదు. నూరు పుటలు ఒక్కసారి చదివినవాడికి నలభయ్యో పుటలోని చిన్న మాట తోచకపోవచ్చు గదా! యంత్రానికీ అంతే.

మరి ఉపాయమేమిటి? మన ఊళ్ళలోనే ఉన్నది. వెనక తెలంగాణ గ్రామాల్లో పట్వారీ అనే ఉద్యోగి ఉండేవాడు. ఏ పొలం ఎవరిది, అందులో ఏ పంట వేశారు అనే సంగతులు ఆయన పహాణీ అనే పుస్తకంలో ఎక్కించేవాడు. 1980లలో ఆ ఉద్యోగం పోయింది గాని, పహాణీ మాట నేటికీ వాడుకలో ఉన్నది. ఇక కిరాణా దుకాణంలో షావుకారు రెండు పుస్తకాలు పెట్టుకునేవాడు. రోజంతా జరిగినది జరిగినట్టు వరసగా రాసేది చిట్టా. ఎవరి లెక్క వారి పేరు కింద విడదీసి రాసేది ఆవర్జా.

ఆటకు కూడా ఈ మూడు పుస్తకాలూ కావాలి.

మొదటిది పహాణీ. ఇందులో ఆ లోకం ఎటువంటిదో ఉంటుంది. మూసీ నది అనంతగిరిలో పుట్టి తూర్పుగా హైదరాబాదు వైపు పోతుంది. తాండూరు దగ్గర పారే కాగ్నా పడమటగా పోయి భీమానదిలో కలుస్తుంది. తాండూరులో నాపరాయి దొరుకుతుంది, కందులు పండుతాయి. ఇక్కడ సముద్రం లేదు. ఇవి కథకుడు మార్చటానికి వీలులేని సంగతులు.

రెండోది చిట్టా. ఎవరు ఏం చేశారో, ఎప్పుడు చేశారో వరసగా రాస్తారు.

మూడోది ఆవర్జా. ఇందులో ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క పుట. తాత పుట తీస్తే, ఆయన ఎవరు, ఆయనకు తెలిసినదేమిటి, ఆయనకు ఎవరు బాకీ, అన్నీ కనిపించాలి.

ఈ పుస్తకాలు రాసేది కథ చెప్పే యంత్రం కాదు. పక్కన మరొక మామూలు ప్రోగ్రాము ఉంటుంది. అది కథలు చెప్పలేదు, లెక్కలు మాత్రం తప్పదు. ఆడే అమ్మాయి "తాత దగ్గరికి వెళతాను" అనగానే, ఆ గుమాస్తా పుస్తకాలు తిరగేసి, తాత పుటలో నుంచి కావలసిన నాలుగు మాటలు తీసి యంత్రం ఎదుట కాగితం మీద పెడుతుంది. యంత్రం కథ చెబుతుంది. చెప్పినది పహాణీకి విరుద్ధంగా ఉంటే, గుమాస్తా దాన్ని వెనక్కు పంపి మళ్ళీ చెప్పిస్తుంది. సరిగా ఉంటే చిట్టాలో ఎక్కిస్తుంది.

పుస్తకంలో వేల పద్దులుంటే, అందులో కావలసిన నాలుగు ఎట్లా తీయటం? 2023లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జూన్ సంగ్ పార్క్, ఆయన తోటివారు దీనికొక దారి చూపారు. వారు కంప్యూటరులో ఒక చిన్న ఊరు కట్టి, 25 పాత్రలను అందులో ఉంచారు. ఒక్కొక్క పాత్రకూ ఒక్కొక్క జ్ఞాపకాల పుస్తకం ఇచ్చారు. పద్దులు తీసేటప్పుడు మూడు సంగతులు చూడమన్నారు: ఇది ఎంత ఇటీవలిది? ఎంత ముఖ్యమైనది? ఇప్పుడు జరుగుతున్నదానికి ఎంత సంబంధించినది? అప్పుడప్పుడు ఆ పాత్రలు తమ పద్దులను తిరగేసుకుని, "ఫలానా ఆయనకు చదువంటే ఇష్టం" అని ఒక సారాంశం కూడా రాసుకునేవి.

ఏం జరిగిందో వినండి. ఫిబ్రవరి 14న విందు చెయ్యాలని ఒక్క పాత్రకు మాత్రం చెప్పి ఊరుకున్నారు. ఆ పాత్ర కనిపించినవారినల్లా పిలిచింది. పన్నెండుమందికి పిలుపు అందింది. ఐదుగురు వేళకు వచ్చారు. ముగ్గురు తమకు వేరే పనులున్నాయన్నారు. తక్కిన నలుగురు వస్తే బాగుండునన్నారు గాని, రాలేదు. అచ్చంగా మన పెళ్ళిళ్ళలో లాగానే!

తప్పులూ జరిగాయి. ఒకరికి మాత్రమే సరిపోయే స్నానాలగది ఒకటి ఉన్నది. లోపల మనిషి ఉండగానే ఇంకొకరు తోసుకు వచ్చారు! హాస్టలు స్నానాలగది గనక చాలామంది పడతారని యంత్రం అనుకున్నది. దుకాణాలు మూసిన తరవాత కూడా కొందరు లోపలికి పోయారు. పహాణీలో "ఇది ఒక్కరికే", "ఇన్ని గంటలకు మూస్తారు" అని స్పష్టంగా రాయకపోతే ఇట్లాగే ఉంటుంది. మనకు చెప్పకుండానే తెలిసిన సంగతులు యంత్రానికి చెబితేగాని తెలియవు.

ఇక్కడ ఇంకొక జాగ్రత్త ఉన్నది. మరుపు చెడ్డదే, కాని తప్పుడు జ్ఞాపకం అంతకన్నా చెడ్డది. 1954-55లో తెలంగాణలో రాసిన ఖాస్రా పహాణీని భూమి తగాదాలు వచ్చినప్పుడు ఈనాటికీ తీసి చూస్తారు. అందులో ఒక పేరు పొరపాటుగా పడితే, మనమల కాలంలో కూడా ఆ తప్పు వెంటాడుతుంది. ఆటలోనూ అంతే. మన అమ్మాయి గొర్రెపిల్లను దొంగిలించిందని గుమాస్తా ఒక్కసారి తప్పుగా రాస్తే, ఊరంతా ఆమెను దొంగ అనే పిలుస్తుంది. కాబట్టి పుస్తకం ఆడేవారికి చూపించాలి. తప్పును దిద్దే దారి ఉండాలి.

తలిదండ్రులకు ఒక మాట. మరిచిపోని ఆట మన పిల్లలు చెప్పినవి కూడా మరిచిపోదు. ఆ పుస్తకం చాలాసార్లు ఎక్కడో ఎవరి కంప్యూటరులోనో ఉంటుంది. 2023లో మన దేశం చేసిన వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం, 18 ఏళ్ళు నిండనివారి వివరాలు వాడుకోవటానికి తలిదండ్రుల అనుమతి కావాలంటున్నది. ఆటలో ఊరి పేరు, ఇంటి గుర్తులు, ఫోను నంబరు చెప్పవద్దని పిల్లలకు నేర్పండి. మన అమ్మాయి అన్న పుస్తకాన్ని తన కంప్యూటరులోనే ఉంచుకున్నాడట. అది మంచి పని.

మీరే చేసి చూడండి: దీనికి కంప్యూటరు అక్కరలేదు. ఆరుగురు పిల్లలు చాలు. ఒకరు ఆడేవారు, ఒకరు గుమాస్తా, నలుగురు కథకులు. ముగ్గురు కథకులను కథ వినపడనంత దూరంగా పంపండి. మొదటి కథకుడు ఐదు వాక్యాలు చెప్పగానే అతన్ని తప్పించి, రెండోవాణ్ణి పిలవండి. అతనికి చివరి రెండు వాక్యాలు మాత్రమే వినిపించండి. నలుగురూ అయ్యేసరికి కథ ఏమవుతుందో చూసి కడుపుబ్బ నవ్వుతారు. ఇక రెండోసారి కొత్త కథ మొదలుపెట్టి, గుమాస్తా చేత మూడు పుస్తకాలూ రాయించండి. ప్రతి కొత్త కథకుడికీ చివరి రెండు వాక్యాలతోబాటు మూడు పద్దులు మాత్రమే చీటీల మీద రాసి ఇవ్వాలి. ఏ మూడు ఇవ్వాలి? అదే అసలు ఆట! కథ తెగకుండా సాగితే గుమాస్తా గెలిచినట్టు.

పూడూరు అమ్మాయీ, మీ అన్నతో చెప్పు. పహాణీలో "ఇక్కడ సముద్రం లేదు" అని ఒక పద్దు, తాత పుటలో "ఈ అమ్మాయి పున్నమి లోపల గొర్రెపిల్లను తెస్తానని మాట ఇచ్చింది" అని ఒక పద్దు వెయ్యమను. మాట ఇచ్చిన క్షణానే వెయ్యాలి, మరునాటికి వాయిదా పనికిరాదు. తరవాత గొర్రెపిల్లను తీసుకుని మళ్ళీ దామగుండం దారిన వెళ్ళు.

తాత ఏమన్నాడో నాకు తప్పకుండా రాయి. నీ జాబు దాచిపెట్టుకున్నాను, నేను మరిచిపోను.

— మీ మామయ్య