నాలుగు మంటలెందుకే... రెండు చాలు!

'అమ్మా, ఈసారి నీకు కొత్త పొయ్యి కొనిస్తా' అన్నాను ఫోన్లో. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత 'ఉన్నదానికేం రోగమే?' అంది.

ఉన్నది ఎలా ఉంటుందో నాకు తెలుసు. చిలకలూరిపేట దగ్గర మా ఊళ్లో, పెరటి చావిట్లో కట్టెల పొయ్యి. దాని పక్కనే నేలమీద పాత గ్యాస్‌ పొయ్యి, బండ. కాఫీకీ చుట్టాలొచ్చినప్పుడూ గ్యాసు. అన్నం, పప్పు, పచ్చడికి మిరపకాయలు వేయించడం... అన్నీ కట్టెల మీదే. అమ్మ లెక్క అమ్మది. పత్తి తీతలు అయిపోయాక పీకిన కట్టె ఊరికే వస్తుంది. ఇంటి వెనక వామి వేసుకుంటే ఏడాదంతా పొయ్యికి లోటుండదు. బండ మాత్రం డబ్బిస్తేగానీ రాదు.

కానీ పత్తికట్టె మంట చురుగ్గా లేచి చప్పున ఆరిపోతుంది. పక్కనే కూర్చుని ఎగదోస్తూ ఉండాలి. ఊదుగొట్టంతో ఊదుతూ ఉండాలి. నలభై ఏళ్లుగా ఆ పొగంతా అమ్మ కళ్లలోకీ గుండెల్లోకీ పోయింది. ఇప్పుడు ఫోన్లో నాలుగు మాటలకోసారి దగ్గు. వంటింటి పొగ మూలంగా 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ అంకె చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మా చావిడే.

అందుకే గుంటూరులో దుకాణానికి వెళ్లాను. పైన నాలుగు బర్నర్లు, కింద ఒవెన్‌ ఉన్న కుకింగ్‌ రేంజ్‌ చూపించారు. తళతళలాడిపోతోంది. కొనేద్దామనుకున్నాను.

గుడ్డివాడి పొయ్యి

ఇంగ్లండు ఇళ్లలో పేరుపడ్డ 'ఆగా' రేంజ్‌ ఇలాంటి వాటికి పెద్దక్క. 1922లో దాన్ని తయారుచేసిన గుస్తాఫ్‌ డాలెన్‌ స్వీడన్‌ శాస్త్రవేత్త. 1912లో ఒక పేలుడులో చూపు పోయింది. అదే ఏడాది నోబెల్‌ బహుమతీ వచ్చింది. ఇంటిపట్టున ఉన్నప్పుడు పొయ్యి దగ్గర భార్య పడుతున్న అవస్థ గమనించి దీన్ని ఆలోచించాడని చెబుతారు. బరువైన పోత ఇనుములో వేడిని నిల్వచేసి, నిదానంగా ఉడికించడం దాని గుట్టు. పిడకల దాలిలో పాలకుండ పెట్టి సాయంత్రానికి ఎర్రగా కాచే మన అమ్మమ్మలకు అదేం కొత్త సంగతి కాదు!

వాళ్లకి రొట్టె కాలాలి, చలికి ఇల్లు వెచ్చబడాలి. మనకి? మే నెలలో ఇంటిని ఇంకా వేడిచేసే వస్తువెందుకు? కేకులు చేసే పిల్లలుంటే సరే. లేకపోతే ఆ ఒవెన్‌ మూకుళ్లు దాచుకునే అలమరా అయిపోతుంది.

గిన్నెలు కొలవండి

దుకాణానికి వెళ్లేముందు మీ ఇంట్లో రెండు పెద్ద గిన్నెల అడుగులు టేపుతో కొలవండి. నాలుగు బర్నర్లున్నా, పెద్ద గిన్నెలు రెండు పెడితే మిగతావాటికి చోటుండదు. ఒక పెద్దది, ఒక చిన్నది... బర్నర్ల మధ్య ఎడం బాగా ఉన్న పొయ్యి మామూలు ఇంటికి చాలు.

ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. ఆ ప్రమాణం ప్రకారం గ్యాస్‌ వేడిలో కనీసం 68 శాతం గిన్నెకు అందాలి. ఇత్తడి బర్నర్లు మన్నుతాయి. గాజు పలక తుడవడానికి సుఖం. కానీ బరువైన ఇనుప మూకుళ్లు, బిందెలు దించి ఎత్తే ఇంట్లో స్టీలే నయం. మంట నీలంగా ఉండాలి. పచ్చగా వస్తే బర్నర్‌ రంధ్రాలు పూడాయేమో చూడాలి. రబ్బరు గొట్టాన్ని అయిదేళ్లకోసారి మార్చాలి.

ఇండక్షన్‌ మాటేమిటంటారా? పొగా లేదు, మంటా లేదు. 2000 వాట్లది గంటసేపు నిండుగా వాడితే రెండు యూనిట్లు. అయితే గిన్నె అడుగుకి అయస్కాంతం అంటుకోవాలి. మా అమ్మ సిల్వర్‌ గిన్నెల్లో ఒక్కదానికీ అంటుకోలేదు. కరెంటు పోతే పొయ్యీ పోయినట్టే.

అసలు ప్రమాదం

ఇవన్నీ చెప్పడానికి ఊరెళ్లాను. చావిట్లోకి అడుగుపెట్టగానే గుండె ఝల్లుమంది. గ్యాస్‌ బండకి బారెడు దూరంలో పత్తికట్టె భగభగా మండుతోంది. వంటగ్యాసు గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేలంతా పరుచుకుంటుంది. అందుకే పొయ్యి ఎప్పుడూ బండకన్నా ఎత్తులో, గట్టుమీద ఉండాలంటారు. పక్కన ఇంకో నిప్పు ఉండకూడదు. వాసనొస్తే స్విచ్‌ ముట్టకుండా రెగ్యులేటర్‌ కట్టేసి, తలుపులు తీసి, బయటికొచ్చి 1906కి ఫోన్‌ చేయాలి.

ఈ కనెక్షన్‌ 1999లో మొదలైన దీపం పథకంలో డ్వాక్రా సంఘం తరఫున అమ్మకొచ్చింది. తర్వాత 2016లో ఉజ్వల వచ్చింది. 2024లో దీపం-2 కింద అర్హులకు ఏడాదికి మూడు బండలు ఉచితమన్నారు. బండ ఇంటికొచ్చింది. దాన్ని పెట్టే గట్టు మాత్రం మాకెవరికీ తట్టలేదు.

రేంజ్‌ ఆలోచన అక్కడే మానేశాను. రెండు బర్నర్ల స్టీలు పొయ్యి కొన్నాం. మిగిలిన డబ్బుతో వంటింటి కిటికీ కింద గట్టు పోయించాం. అమ్మని నిలబెట్టి మోచేతి ఎత్తు కొలిచాం. గట్టూ, పొయ్యీ, గిన్నే కలిపినా అంతకు మించకుండా చూశాడు మేస్త్రి. పెరటి పొయ్యిని పడగొట్టనివ్వలేదు అమ్మ. స్నానాలకి నీళ్లు కాగొద్దా అంది. సరే, అది ఆరుబయటే ఉండనీ.

వారం తర్వాత ఫోన్‌ చేసింది. దగ్గు తగ్గిందా అని అడగబోయాను.

'ఏమే, నిలబడి వండుతుంటే కిటికీలోంచి వీధిలో ఎవరెళ్తున్నదీ కనిపిస్తోందే' అంది.