జపాను యంత్రపురుషుడు – పాలమూరు కిన్నెర

ఒక తరమువారు బాల్యములో దూరదర్శన్‌లో చూచి మరచిన జపాను ధారావాహిక ఒకటి, గ్రంథము వలె కొని ఇంట దాచుకొనదగిన వస్తువై తిరిగి వచ్చినది. మన దేశమున దానిని ‘జెయింట్ రోబోట్’ అని వ్యవహరించినారు. 1967 అక్టోబరులో జపాను టెలివిజన్‌లో మొదలై 1968 ఏప్రిల్‌లో ముగిసిన ఆ ఇరువదియారు భాగముల కథ, 2013లో అమెరికాలో డీవీడీలపై సంపూర్ణముగా వెలువడినది. దానికంటె ఒక యేడు పెద్దదైన ‘అల్ట్రామాన్’ 2019లో బ్లూరే డిస్కులుగా వచ్చినది. ఏబదియేండ్ల నాటి పిల్లల కథలను శుభ్రపరచి, మెరుగుపెట్టి, పెట్టెలలో అమర్చి అమ్ముట నేడొక పెద్ద వ్యాపారము. కొనువారు పిల్లలు కారు. ఆ పిల్లలు పెరిగి పెద్దలైనవారు.

ఈ వార్తతో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల ఉపాధ్యాయులకు నిమిత్తమేమని సందేహము కలుగవచ్చును. నిమిత్తము కలదు. అది తెలియవలెనన్న ముందు ఆ కథ ఎట్టిదో కొంత చెప్పుకొనవలెను.

మిత్సుతేరు యొకొయామా అను చిత్రకథకుని కల్పన అది. దైసాకు అను బాలుడు – ఇంగ్లీషు మాటలలో అతడు జానీ సాకో – దైవవశమున ఒక మహాకాయుడైన యంత్రపురుషునికి ప్రభువగును. చేతిగడియారములోనికి ఒక్క మాట చెప్పిన చాలు, ఆ లోహపురుషుడు ఆకాశమార్గమున వచ్చి నిలుచును. అన్యగ్రహము నుండి వచ్చిన గిలటిన్ చక్రవర్తి పంపిన వికృత జంతువులతో భాగమునకొక యుద్ధము. ఆ జంతువులు రబ్బరు తొడుగులని, కూలిన మేడలు అట్టముక్కలని నేటి బాలుడు చూచినంతనే పోల్చగలడు. కాని కడపటి భాగమున యంత్రపురుషుడు శత్రువును పట్టుకొని నింగికెగయును. బాలుడు వెనుకకు రమ్మని ఎంత పిలిచినను వినడు. ఉల్కను ఢీకొని, శత్రువుతోపాటు తానును నశించును. అంతవరకు ప్రతి ఆజ్ఞను పాలించినవాడు ఆ ఒక్క ఆజ్ఞను మీరుట చేతనే ఆ కథ పిల్లల మనస్సులలో నిలిచినది.

తెలుగు పాఠకునికి ఇది వినగానే స్ఫురించువాడు ఘటోత్కచుడు. తలచినంతనే వచ్చి వ్రాలు మహాకాయుడు, తన వారి కొరకు ప్రాణమిచ్చువాడు, పడబోవుచు కూడ దేహమును పెంచి శత్రుసేనపై కూలినవాడు. జపాను చిత్రకథకుడు భారతము చదివెనని చెప్పుట కాదు. బాలుర ఊహ ఏ దేశమున నైనను ఇట్టి వీరుని కోరునని మాత్రమే భావము. ఆ ఘటోత్కచుని మన ముందు నిలిపిన ‘మాయాబజార్’ 1957లో వచ్చినది. 2010 జనవరిలో రంగులద్దుకొని, ధ్వనిని పునరుద్ధరించుకొని మరల ప్రదర్శనకు వచ్చినది. తెలుపు నలుపుల సొగసు పోయినదని కొందరు వగచినారు. ఆ వాదమట్లుండగా, ఎస్.వి. రంగారావు గారిని ఈనాటి విద్యార్థి స్పష్టముగా చూడగలుగుచున్నాడన్నది నిజము. కాని మన చిత్రములన్నిటికి ఆ భాగ్యము పట్టలేదు. 1932 నాటి తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రతి ఒక్కటియు మిగులలేదు. రఘుపతి వెంకయ్య గారి కుటుంబము తీసిన మూకచిత్రము ‘భీష్మప్రతిజ్ఞ’ గతియు అంతే. పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము ఏర్పడినది 1964లో; అప్పటికే పోవలసినవి పోయినవి.

ఆ జపాను రబ్బరు జంతువులు ఎట్లు మిగిలినవి? జపానువారు ఏనాడును ఏమియు పారవేయని జాతి యని భావించుట పొరపాటు. ఆ దేశపు ప్రభుత్వ ప్రసార సంస్థ 1963లో ప్రారంభించిన చారిత్రక ధారావాహికలలో మొదటిదైన ‘హనా నో షోగాయ్’లో నేడు మిగిలినది మొదటి భాగమొక్కటే. ఇంగ్లండులో బీబీసీ వారు అదే సంవత్సరమున ప్రారంభించిన ‘డాక్టర్ హూ’లో తొంబది దాక భాగములు ఇప్పటికిని దొరకలేదు. దీనికి కారణము సామాన్యమైనది. ఆ దినములలో వీడియో టేపు మిక్కిలి ఖరీదు. ఒకసారి ప్రసారమైన పిదప, పలక తుడిచి మరల వ్రాసినట్లు, ఆ టేపు మీదనే మరొక కార్యక్రమమును పట్టెడివారు. ఆనాడు అది దుబారా కాదు, పొదుపు. యంత్రపురుషుని కథలో మాత్రము బొమ్మ మేడలు, విమానములు, ప్రేలుళ్లు ఉన్నవి. ఆ గారడీ అంతయు టేపు మీద సాధ్యపడదు. కనుక సినిమా ఫిల్ము మీద తీసినారు. ఫిల్మును తుడిచి మరల వాడుటకు వీలులేదు. పైగా టేపులో లేని సూక్ష్మవివరములు ఫిల్ములో ఇమిడియుండును. అందుచేతనే అర్ధశతాబ్ది తరువాత కూడ దాని నుండి స్వచ్ఛమైన ప్రతిని తీయగలిగినారు. దానికి తోడు, తీసిన టోయీ కంపెనీ నేటికిని నిలిచియున్నది. హక్కు ఎవరిదన్న తగవు లేదు. అమెరికావారు ఇంగ్లీషు మాటలు చేర్చి తమ దేశమునకు కొనిపోయినందువలన మరియొక ప్రతి వేరొక ఖండమున భద్రమైనది. అనగా ఆ కథ దక్కినది భక్తి చేత కాదు. ఫిల్ము గుణము చేత, వ్యాపారపు లెక్క చేత.

మన సంగతి. దూరదర్శన్ ఆ ధారావాహికను 1980ల దశకములో ఇంగ్లీషు మాటలతోనే చూపినది. మాట తెలియని పిల్లలకు కూడ గడియారములోనికి మాటలాడుట తెలిసినది! అయితే పాలమూరు పల్లెకు టెలివిజన్ పరిచయమైనది అప్పుడు కాదు. నేటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు 2016 అక్టోబరు వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోనివి. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు జరిగిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగమునకు – ‘సైట్’ అని దానికి పొట్టి పేరు – ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నుకొన్న జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. దేశములో ఆరు రాష్ట్రములు, 2,400 గ్రామములు. అమెరికావారి ఉపగ్రహము నుండి నేరుగా పల్లెకు బొమ్మ దిగినది. ఆ సంకేతమును పట్టినది పది అడుగుల వెడల్పు గల ఛత్రము. కోళ్లదడికి కట్టు ఇనుపజాలీతో దానిని అల్లినారు. ఉదయము బడిపిల్లలకు ఒక్కొక్క భాషలో ఇరువదిరెండున్నర నిమిషములు, సాయంత్రము పెద్దలకు వ్యవసాయము, ఆరోగ్యము, వినోదము. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రము 1977లో వచ్చినది. నగరము కంటె ముందు పల్లె టెలివిజన్ చూచిన విచిత్రము మన జిల్లాలో జరిగినది. ఏడాది తిరుగగానే ఉపగ్రహము తరలిపోయినది. 2025 నాటికి ఆ ప్రయోగమునకు ఏబదియేండ్లు నిండినవి. నాడు పదేండ్ల వయస్సున ఆ తెర ముందు నేలమీద కూర్చున్నవారు అరువదిలో పడినారు. ఉపాధ్యాయులైనవారు ఉద్యోగవిరమణ చేయు వయస్సు దాటుచున్నారు. వారు ఏమి చూచిరో, ఏమి జ్ఞాపకమున్నదో అడిగి వ్రాసికొనుటకు ఇదే సమయము. జపాను బాలుని జ్ఞాపకమునకు అంగడి ఉన్నది. పాలమూరు బాలుని జ్ఞాపకమునకు అంగడి లేదు కనుక బడియే పూనుకొనవలెను.

ఇట్టి పనికి ఈ గడ్డ మీద పూర్వాచారము లేకపోలేదు. తెలంగాణములో కవులు లేరను మాట వచ్చినప్పుడు, గద్వాల సీమలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు కోపముతో ప్రత్యుత్తరము వ్రాసి ఊరుకొనలేదు. ఊరూరి నుండి పద్యములు తెప్పించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించినారు. 1952లో వనపర్తి ప్రజలు ఆయనను శాసనసభకు పంపినారు. నాగర్‌కర్నూలు ప్రాంతములో కపిలవాయి లింగమూర్తి గారు 2018లో కన్నుమూయు వరకు గుడులు, శాసనములు, పల్లెకథలు సేకరించుచునే యున్నారు. వీరిరువురి చేతిలోను కెమెరా లేదు; కాగితము, కలము, కాలినడక. నేడు ప్రతి ఉపాధ్యాయుని జేబులోను కెమెరా ఉన్నది.

ఇక పాలమూరు సొంత వీరుని మాట. కలవారి నుండి దోచి లేనివారికి పంచినాడని చెప్పుకొను పండుగ సాయన్న కథ ఇక్కడ కిన్నెర మీద పాడుదురు. వెదురు కోలకు సొరబుర్రలు కట్టి, పన్నెండు మెట్లతో చేసిన వాద్యమది. లింగాల మండలము అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య గారు దానిని దేశమునకు వినిపించినారు. ఒక తెలుగు చలనచిత్రములో ఆయన గొంతు వినబడిన తరువాత, 2022లో పద్మశ్రీ వచ్చిన తరువాత గాని చాలమందికి ఆ వాద్యము పేరు తెలియలేదు. అంతకు మునుపే ఆయనను వెలుగులోనికి తెచ్చినవారు జయధీర్ తిరుమలరావు గారి వంటి పరిశోధకులు.  చలనచిత్రములో వినబడునది కొన్ని క్షణముల గొంతు. కథాగానమైనచో గంటల తరబడి సాగును. గాయకుడు ఊరిని బట్టి, శ్రోతను బట్టి పెంచును, తగ్గించును. డిస్కుకు ఎక్కవలసినది ఆ నిడివి అంతయు, ఆ మార్పులతో సహా. ముక్కలు ముక్కలుగా ఫోనులలో తిరుగు పాట ఆ నిడివిని చూపజాలదు.

డిస్కు కూడ శాశ్వతము కాదని ఇక్కడనే చెప్పవలెను. 1980లలో ఇండ్లలో కొన్న వీడియో క్యాసెట్లు బూజుపట్టినవి; పట్టనివానిని ఆడించు యంత్రము లేదు. పెండ్లిండ్ల క్యాసెట్లు అటక మీద ఉన్న ఇండ్లన్నిటికి ఇది అనుభవమే. డీవీడీ ఆడించు యంత్రమును ఇపుడు పట్టణములో కూడ వెదకవలసివచ్చుచున్నది. ఫోనులో కనిపించు చిత్రమో, అది చూపువాని ఇష్టమున్నంత కాలమే కనిపించును. హక్కు గడువు తీరిననాడు చెప్పకయే మాయమగును. కొని బీరువాలో పెట్టిన పెట్టెను అట్లు ఎవరును తీసికొనిపోలేరు. పాత ధారావాహికల డిస్కులకు నేటికిని గిరాకి ఉండుటకు ఇది సగము కారణము. ఒక్క చోట దాచినది ఒక్క ప్రమాదముతో పోవును. తాళపత్రములకు పూర్వులు నకళ్లు వ్రాయించినట్లే వీనికిని నకళ్లు తీసి వేరువేరు చోట్ల ఉంచవలెను.

చట్టము అడ్డుపడునేమో యను భయము ఉపాధ్యాయులలో కనిపించును. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము ప్రకారము చలనచిత్రము మీద హక్కు ప్రకటితమైన నాటి తరువాత అరువదియేండ్లు. ఆ లెక్కన 1957 నాటి తెలుపు నలుపుల ‘మాయాబజార్’ 2018 నుండి ఎల్లరిది. గడువు తీరని చిత్రమునైనను విద్యాలయ కార్యక్రమములలో భాగముగా, ఉపాధ్యాయులు, విద్యార్థులు, వారి తలిదండ్రులు మాత్రమే ప్రేక్షకులుగా ప్రదర్శించుకొనుటకు 52వ విభాగము అనుమతించుచున్నది. టిక్కెట్టు పెట్టి ఊరిని పిలుచుటకు కాదు. జానపద గేయమునకు కర్త తెలియకపోవచ్చును గాని పాడినవానికి తన ప్రదర్శన మీద హక్కు కలదు. కనుక కిన్నెర వాయించు వృద్ధుని ముందు ఫోను ఎత్తుటకు ముందు ఆయన అనుమతి అడుగవలెను. ఆయన పేరు, ఊరు, తేదీ, పాట నేర్పినవారి పేరు వ్రాయవలెను. ఒక నకలు ఆయన ఇంటికి చేర్చవలెను. ఆ ఇంట డీవీడీ యంత్రము ఉండదు కాబట్టి, ఆయన మనుమని ఫోనులోనికి.