బ్యాగులో ప్రేమ నవల దొరికితే...



పేరెంట్స్ మీటింగులో మార్కుల సంగతి అయ్యాక ఈ మధ్య తరచుగా వినిపిస్తున్న మాట ఒకటుంది. "మేడమ్, మా పాప టెక్స్ట్‌బుక్ మధ్యలో ఏదో లవ్ నవల పెట్టుకుని చదువుతోంది. మీరైనా గట్టిగా చెప్పండి."

తప్పకుండా మాట్లాడతాను. అంతకంటే ముందు మీతో కొంచెం మాట్లాడాలి.

ఆ పుస్తకాన్ని లాక్కునే ముందు అందులో ఏముందో చూశారా? పిల్లల చేతుల్లో కనిపించే జాన్ గ్రీన్ నవల 'ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్' 2012లో వచ్చింది. హిందీలో 'దిల్ బేచారా' సినిమా దాని ఆధారంగా తీసిందే. అందులో పదహారేళ్ల అమ్మాయికి క్యాన్సర్. ప్రేమ ఉంది, నిజమే. కానీ తాను పోయాక అమ్మానాన్నలు ఏమైపోతారోనన్న దిగులు అంతకంటే పెద్దది. జెన్నీ హాన్ రాసిన 'టు ఆల్ ది బాయ్స్ ఐ హ్యావ్ లవ్డ్ బిఫోర్' (2014) పేరు చూస్తే ఎవరికైనా కంగారు పుడుతుంది. చదివితే, తల్లి లేని ఇంట్లో ముగ్గురు అక్కాచెల్లెళ్లు తండ్రితో కలిసి ఇల్లు నెట్టుకొచ్చే కథ కూడా అదే.

ప్రేమ కథలు మనకేమీ కొత్త కాదు. ఇంట్లో అమ్మమ్మగారినో నానమ్మగారినో యద్దనపూడి సులోచనారాణి పేరు చెప్పి అడిగి చూడండి. 'సెక్రటరీ', 'మీనా' చదవడానికి పత్రికల కోసం ఎదురుచూసిన తరం వాళ్లది. రెండూ తర్వాత సినిమాలయ్యాయి. ఆ నవలలు చదివిన వాళ్లే సంసారాలు చక్కగా నడిపారు, మనల్ని చదివించారు. సంక్రాంతికి ప్రేమ సినిమాకి పిల్లల్ని మనమే థియేటర్‌కి తీసుకెళ్తాం. అదే ప్రేమ పుస్తకంలో కనిపిస్తే మాత్రం ఉలిక్కిపడతాం.

అలాగని అన్ని పుస్తకాలూ ఒకటే అనను. కొలీన్ హూవర్ రాసిన 'ఇట్ ఎండ్స్ విత్ అస్' (2016) టీనేజీ పిల్లల కోసం రాసింది కాదు. అందులో భర్త చేతి దెబ్బలున్నాయి, పెద్దల విషయాలున్నాయి. కవర్ మీద పువ్వులు చూసి పిల్లల పుస్తకమే అనుకోవద్దు. ఎనిమిదో తరగతి పాపకి అది ఇప్పుడే వద్దని చెప్పే హక్కు మీకుంది. ఎందుకు వద్దో కూడా చెప్పండి. కారణం చెప్పకుండా లాక్కుంటే చదవడం ఆగదు. దుప్పటి కింద ఫోన్లో సాగుతుంది. అప్పుడు ఏం చదువుతోందో మీకూ తెలియదు, మాకూ తెలియదు.

ఈ నవలల మీద నాకున్న అసలు అసంతృప్తి వేరు. ఇవన్నీ అమెరికా కథలు. లాకర్లు, ప్రామ్ డ్యాన్సులు, పదహారేళ్లకే కారు. రాజాం నుంచో బొబ్బిలి నుంచో బస్సెక్కి వచ్చే మన పిల్ల అందులో ఎక్కడా ఉండదు. దానికి మందు ఆ పుస్తకాలు లాక్కోవడం కాదు, పక్కన మనవి కూడా పెట్టడం. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో స్థాపించిన కథానిలయం శ్రీకాకుళంలోనే ఉంది. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లండి. ఇంత మంది మన భాషలో కథలు రాశారా అని వాళ్లే ఆశ్చర్యపోతారు.

ఇక ఇంగ్లిష్ టీచరుగా ఒక మాట. గ్రామర్ పుస్తకంలో వంద వాక్యాలు బట్టీ పట్టడం కంటే, ఇష్టపడి చదివిన మూడొందల పేజీలు భాషను ఎక్కువ నేర్పుతాయి.

ఈసారి బ్యాగులో నవల దొరికితే ఇరవై పేజీలు మీరూ చదవండి. ఇంగ్లిష్ కష్టమైతే పాపనే తెలుగులో కథ చెప్పమనండి. "ఆ అబ్బాయి చేసింది నీకు నచ్చిందా? నువ్వైతే ఏం చేసేదానివి?" అని అడగండి. పదిహేనేళ్ల పిల్ల మనసులో ఏముందో నేరుగా అడిగితే చెప్పదు. కథలో అమ్మాయి గురించి అడిగితే చెబుతుంది. రేపు నిజంగా ఏదైనా ఇబ్బంది వస్తే, ముందు మీ దగ్గరికే రావడానికి ఆ అలవాటే దారి అవుతుంది.