సంపాదకుని మాట: పరాయి బిడ్డకు మన ఇంట చోటు

పరదేశం నుంచి చదువుకోవడానికి వచ్చే పిల్లలకు ఆతిథ్యమిచ్చే కుటుంబాలను బడుల ద్వారా ఎలా వెతకాలన్నదే ఈ సంచికలోని రచనలన్నిటినీ కలిపే దారం. మొదటి ప్రపంచ యుద్ధకాలపు అంబులెన్సు సేవల్లోంచి పుట్టిన ఏఎఫ్ఎస్ సంస్థ 1947లో విద్యార్థుల మార్పిడి మొదలుపెట్టింది. అమెరికా 2002లో ప్రారంభించిన యెస్ పథకంలో భారతీయ విద్యార్థులూ అక్కడి కుటుంబాలతో ఉండి చదువుకుంటున్నారు. మన పిల్లలను అక్కడి ఇళ్లు ఆదరిస్తున్నప్పుడు మన తలుపులూ తెరుచుకోవాలి. మనకిది కొత్త కాదు. రోజుకో ఇంట భోంచేస్తూ వారాలు చేసుకుని చదివిన తరాలు తెలుగునాట ఉన్నాయి. ఆ ఆదరణ చాలావరకు కులం గీత దాటలేదు. అన్ని కులాల, మతాల పిల్లలు కలిసి కూర్చునే బడి ఆ గీతను దాటించగలదు.

మొయినాబాద్ మండలంలోని సురంగల్ లాంటి ఊళ్లలో ఇంగ్లీషు రాదని, ఇల్లు చిన్నదని కొందరు వెనకాడవచ్చు. వచ్చే బిడ్డకు కావలసింది మంచం, ఇంటి తిండి, కనిపెట్టుకుని ఉండే పెద్దలు. భాష వాడుకలో వస్తుంది. భద్రత గురించిన సందేహం మాత్రం బరువైనది. అందుకే కుటుంబాలను వెతకడానికి ప్రకటనల కన్నా బడి మేలు. ఏ ఇల్లు ఎలాంటిదో ఉపాధ్యాయులకు తెలుసు. అయినా ఆ పరిచయమే చాలదు: ఇంటిని స్వయంగా చూడాలి, విదేశీయుల నమోదు నిబంధనలు పాటించాలి, బిడ్డ కష్టం చెప్పుకోవడానికి ఇంటి బయట ఒక పెద్ద ఉండాలి. మొయినాబాద్, చేవెళ్ల మండలాల ప్రధానోపాధ్యాయులు వచ్చే తల్లిదండ్రుల సమావేశంలోనే ఈ మాట ఎత్తాలని కోరుతున్నాం.